తోక కింది ఎరుపు

వేసవి సెలవులు మొదలైన మూడో రోజున నేను మేడమెట్ల మీద కాలు విరగ్గొట్టుకున్నాను. మొత్తం పదకొండు మెట్లు. ఒక్క దూకులో ఎన్ని దాటగలనో చూద్దామనుకున్నాను. ఏడు దాటాను. మిగతా నాలుగూ నన్ను దొర్లించుకుంటూ కిందికి తీసుకుపోయాయి. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

డాక్టరు తొడ దగ్గర్నుంచి పాదం దాకా సిమెంటు కట్టు వేసి, ఎనిమిది వారాలు మంచం దిగొద్దన్నాడు. అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. ఇద్దరూ పొద్దున్నే టిఫిన్ డబ్బాలు పట్టుకుని వెళ్ళిపోతే, పగలంతా నాకు తోడు మా తాతయ్యే, అంటే అమ్మ వాళ్ళ నాన్న. నా మంచాన్ని ముందు గదిలో కిటికీ పక్కకి జరిపారు. కిటికీ ఊచల మీదికి కాగితంపూల తీగ పాకి ఉండేది. దాని వెనక ప్రహరీగోడ, గోడ మొదట్లో ఎప్పుడూ కారుతూ ఉండే కుళాయి. ఎనిమిది వారాల పాటు నా లోకం అంతే.

తాతయ్య ఒక పత్రికాఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు ప్రూఫులు దిద్దాడు. రిటైరై ఐదేళ్ళయినా చేతిలో ఎర్ర పెన్సిలు లేకుండా ఏదీ చదివేవాడు కాదు. శుభలేఖలు దిద్దేవాడు. దగ్గుమందు సీసా మీది కాగితం దిద్దేవాడు. ఒకసారి నా మార్కుల కార్డులో టీచరుగారు రాసిన వాక్యాన్ని కూడా దిద్ది సంతకం పెట్టి పంపాడు. ఆ దెబ్బతో నేను వారం రోజులు క్లాసులో తలెత్తుకోలేకపోయాను. నేను ఎడమచేత్తో రాస్తాను. చిన్నప్పుడు కొన్ని అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి రాసేదాన్నట. అందుకని నాకు ‘అచ్చుతప్పు’ అని ముద్దుపేరు పెట్టాడు. వీధిలో వాళ్ళందరి ముందూ అలాగే పిలిచేవాడు.

నాకు పొద్దుపోవడం లేదని నాన్న డిపో నుంచి వస్తూ వస్తూ పిల్లల పక్షుల పుస్తకం ఒకటి తెచ్చాడు. నలభై రెండు రంగుల బొమ్మలు, ఒక్కో బొమ్మ కింద నాలుగు వాక్యాలు. కిటికీలోంచి కనిపించినదాన్ని కనిపించినట్టు పుస్తకంలో వెతకడం మొదలుపెట్టాను. కాకి దొరికింది, పిచ్చుక దొరికింది, గోరింక దొరికింది. నాలుగో రోజున తీగ మీదికి ఒక పిట్ట గడ్డిపోచ పట్టుకుని వచ్చింది. నల్లటి తల, తల మీద పొట్టిగా నిక్కిన కుచ్చు. ఒళ్ళు మట్టిరంగు, దాని మీద చేప పొలుసుల్లాంటి గీతలు. తోక నలుపు, చివర మాత్రం సున్నం అద్దినట్టు తెలుపు. గడ్డిపోచని కొమ్మల సందులో దూర్చడానికి అది ముందుకి వంగినప్పుడు, తోక కింద కుంకుమంత ఎరుపు కనిపించింది.

పుస్తకంలో పదిహేడో పేజీలో దొరికింది: పిగిలిపిట్ట. అన్నీ సరిపోయాయి గానీ ఎరుపు దగ్గర తేడా కొట్టింది. బొమ్మలో పిట్ట బుగ్గ మీద ఎర్రటి మచ్చ ఉంది. తోక కింద ఏమీ లేదు.

పుస్తకంలో తప్పుందని తాతయ్యతో అన్నాను. తాతయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆయన ఎదురుచూసిన మాట నా నోట వచ్చినట్టు ఆయన మొహం వెలిగిపోయింది. కానీ వెంటనే ఒప్పుకోలేదు.

“ఒక్కసారి చూసి తప్పు అనకూడదు. నేనూ తొందరపడి ఒప్పుని కొట్టేసిన రోజులున్నాయి. ఏడు రోజులు చూడు. చూసింది చూసినట్టు రాయి. అప్పుడు మాట్లాడదాం” అన్నాడు.

పాత డైరీ ఒకటి ఇచ్చాడు. ఏడు రోజులు రాశాను. ఆ డైరీ ఇప్పటికీ నా దగ్గరుంది, అక్షరాలు కుప్పిగంతులు వేస్తూ ఉంటాయి. పిట్టలు రెండు, రెండూ ఒకేలా ఉన్నాయి, ఏది ఆడో ఏది మగో తెలియదు. నేల మీద నడవవు, గెంతుతాయి. కుళాయి కింద స్నానం చేసి గోడ మీద కూర్చుని ఈకలు ఉబ్బించుకుంటే బూరెబుగ్గల ముసలమ్మల్లా ఉంటాయి. కోపమొస్తే కుచ్చు లేస్తుంది. పక్కింటి కంచె మీది పళ్ళు తిని గింజలు మా కిటికీ గట్టు మీద వేస్తాయి. వాన పడి ఉసుళ్ళు లేచిన సాయంత్రం గాల్లోకి ఎగిరి ఒక్కొక్కదాన్నీ పట్టుకుని వెనక్కి వచ్చి కూర్చున్నాయి. గూడు మూడు రోజుల్లో అయిపోయింది. టీకప్పంత ఉంది. సన్నటి పుల్లలు, వేళ్ళు, సాలెగూడు దారాలు, వాటితో పాటు తాతయ్య చించి పారేసిన కాగితం పీలిక ఒకటి. గుడ్లు మూడు. రోజా రంగు, మీద ఇటుక రంగు చుక్కలు. ఎరుపు ఏడు రోజులూ తోక కిందే ఉంది.

ఎనిమిదో రోజున పుస్తకం వెనక అట్ట మీదున్న అడ్రసుకి ఉత్తరం రాశాను. తాతయ్య నాలుగుసార్లు దిద్ది ఐదోసారి రాయించాడు. “మా కిటికీ దగ్గరున్న పిట్టకి ఎరుపు తోక కింద ఉంది. మీ పుస్తకంలో పిట్టకి బుగ్గ మీద ఉంది. రెంటిలో ఏది తప్పో దయచేసి తెలియజేయగలరు.” ఇంతే ఉత్తరం. జవాబు వస్తుందని ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

జవాబు రాలేదు, మనిషే వచ్చింది. పది రోజుల తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే ఒకావిడ గేటు తీసుకుని వచ్చి, పక్షుల గురించి ఉత్తరం రాసినవాళ్ళ ఇల్లు ఇదేనా అని అడిగింది. నలభై ఏళ్ళుంటాయేమో. సన్నగా, పొడుగ్గా ఉంది. భుజానికి గుడ్డసంచి, చేతివేళ్ళ గోళ్ళలో రంగు. ఆ పుస్తకంలో బొమ్మలు వేసింది తనేనని చెప్పింది. ఉత్తరం రాసిన పెద్దమనిషి ఎవరని అడిగితే తాతయ్య మంచం మీదున్న నన్ను చూపించాడు. ఆవిడ నా కట్టునీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆ ముందు రోజు పొద్దునే గూట్లో పిల్లలు బయటికొచ్చాయి. మూడు గుడ్లలో రెండే పిల్లలయ్యాయి.

“చప్పుడు చెయ్యకుండా నా మంచం మీద కూర్చుంటే కనిపిస్తుంది” అన్నాను నేను.

ఆవిడ కూర్చుంది. తల్లిపిట్టో తండ్రిపిట్టో, పురుగు పట్టుకుని వచ్చి గూటి అంచున వాలింది. గూట్లోకి వంగింది. తోక లేచింది. నేను నా డైరీ ఇచ్చాను. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి, రేపు పొద్దున్న రావచ్చా అని తాతయ్యని అడిగింది.

ఆ మర్నాటి నుంచి రోజూ ఆరు గంటలకల్లా వచ్చేది. తొమ్మిదిన్నరకి వెళ్ళిపోయేది. ఆవిడ ఒక మందుల కంపెనీలో పెట్టెల మీది బొమ్మలు గీసే ఉద్యోగం చేసేది, పుస్తకాల పని వేరే. నేను మొదట్లో బొమ్మలావిడ అనేదాన్ని, మూడో రోజుకి బొమ్మలత్తయ్య అయింది. మంచం మీద నా పక్కనే బాసింపట్టు వేసుకుని, నా సిమెంటు కట్టు మీద అట్ట ఆనించి గీసేది. పెన్సిలు మొన చూసుకోవడానికి కట్టు మీదే గీతలు గీసేది. నాకది ఎంత గొప్పగా ఉండేదో చెప్పలేను.

ఆవిడకి వచ్చిన చిక్కల్లా ఒకటే. పిట్ట నిటారుగా కూర్చుంటే కుచ్చు బాగా కనిపిస్తుంది గానీ ఎరుపు కాళ్ళ వెనక దాక్కుంటుంది. ఎరుపు కనబడాలంటే తల కనబడదు. ఎన్ని కాగితాలు వేసినా ఏదో ఒకటి తప్పించుకునేది. చివరికి పిల్లలకి మేత పెడుతున్నప్పుడు పక్కనుంచి చూస్తే రెండూ ఒకేసారి కనబడతాయని నేనే చెప్పాను. పిల్లలు పసుపుపచ్చని నోళ్ళు తెరిచి ఊగుతుంటే, పెద్దది వాటి గొంతులో పురుగు పెట్టి, ఒక్క క్షణం ఆగేది. పిల్ల వెనక్కి తిరిగి చిన్న తెల్లటి రెట్టమూట వదిలితే, దాన్ని ముక్కున కరుచుకుని ఎగిరిపోయేది. గూడు అలా శుభ్రంగా ఉంటుందని తెలిసి బొమ్మలత్తయ్య, నా చెల్లెలి పిల్లలకి ఈ విద్య వస్తే ఎంత బాగుండును అంది. మేం నవ్విన చప్పుడుకి పిట్ట రాకుండా పోయింది.

నాలుగో రోజున తాతయ్య అడగనే అడిగాడు. ఆయనకి తప్పు దొరికితే సరిపోదు, అది ఎక్కడ పుట్టిందో తెలియాలి. బుగ్గ మీద ఎరుపు ఎలా వచ్చిందమ్మాయ్ అన్నాడు.

ఆవిడ పెన్సిలు పక్కన పెట్టింది. ఆ బొమ్మలు గీసినప్పుడు వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉందట. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మనుషుల్ని గుర్తుపడుతోందో లేదో డాక్టర్లకే తెలియదు. ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, రెండు వారాల్లో నలభై రెండు బొమ్మలూ పూర్తిచేసింది. పబ్లిషరు ఇచ్చినవి నలుపు తెలుపు ఫోటోలు. పిగిలిపిట్ట ఫోటో వెనక ‘ఎర్ర మచ్చ ఉంటుంది’ అని మాత్రం రాసి ఉంది. ఆవిడ మూడో అంతస్తు గదుల్లో పెరిగిన మనిషి. చెట్టునే సరిగా చూడలేదు, ఇక పిట్టలెక్కడ?

“అమ్మ చిన్నప్పుడు తోటలున్న చోట పెరిగింది, బాబాయిగారూ. ఆ ఫోటో అమ్మకి చూపించి, ఎరుపు ఎక్కడుంటుందమ్మా అని అడిగాను. అమ్మ చెయ్యి మెల్లగా లేపి బుగ్గ మీద పెట్టుకుంది. నేను అక్కడే పెట్టేశాను. పుస్తకం వచ్చేసరికి అమ్మ లేదు. మీ ఉత్తరం చూశాక తెలిసింది. ఈగ వాలి ఉంటుంది. లేకపోతే చెమట తుడవమని అడిగి ఉంటుంది. నేను తుడవలేదు. రంగు కలుపుకుంటూ కూర్చున్నాను.”

తాతయ్య చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత, పత్రికలో తాను దిద్దింది అచ్చుని మాత్రమేననీ, రాసినవాళ్ళ మూలప్రతిని ఏనాడూ చించలేదనీ అన్నాడు. “ఆ బొమ్మ నీ దగ్గర దాచుకో. అది మీ అమ్మది. పిల్లలకిచ్చేదాన్ని మాత్రం దిద్దుదాం” అన్నాడు.

ఆవిడ తలూపింది గానీ ఆ రోజు ఇంకేమీ గీయలేదు.

ఆ మర్నాడు పొద్దున్నే గాలివాన వచ్చింది. కాగితంపూల తీగ కిటికీ ఊచల్ని వదిలేసి గోడ మీదికి వాలిపోయింది. గూడు ఒక పక్కకి ఒరిగింది. పెద్దపిట్ట రెక్కలు విప్పి పిల్లల్ని కప్పి, తడిసి ముద్దై, కదలకుండా కూర్చుంది. నేను మంచం మీద నుంచి కేకలు పెట్టడం తప్ప ఏం చెయ్యగలను? బొమ్మలత్తయ్య చెప్పులు విడిచి వానలోకి వెళ్ళింది. తాతయ్య గొడుగు పట్టుకుని వెనకాలే వెళ్ళాడు. గొడుగు రెండో నిమిషంలో తిరగబడి పువ్వులా విచ్చుకుంది. అయినా ఆయన దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ తీగని ఎత్తి, నాకోసం తెచ్చిపెట్టిన గాజుగుడ్డ చుట్టతో ఊచకి కట్టేసింది. ఒక పిల్ల గూటి అంచు దాటి కొమ్మల సందులో ఇరుక్కుంది. రెండు వేళ్ళతో తీసి లోపల పెట్టింది. పిట్టలు రెండూ ఆవిడ నెత్తి మీద తిరుగుతూ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాయి. లోపలికొచ్చాక అరచెయ్యి తెరిచి చూసుకుని, పిల్ల ఒళ్ళు కాలిపోతోంది, దాని గుండె నా వేలు మీద కొట్టుకుంది అంది. అమ్మ ఆఫీసుకి ఆలస్యమవుతున్నా ఆగి, ఆవిడ తల తుడిచి పొడిబట్టలిచ్చింది.

ఆ గాలివాన తర్వాత వారం రోజులకి పిల్లలు ఎగిరిపోయాయి. వాటి తోక కింద ఎరుపు లేదు, వెలిసిపోయిన నారింజ రంగుంది. అది కూడా డైరీలో రాశాను.

నా కట్టు ఇంకా విప్పకముందే తాతయ్య పాత స్నేహితుడొకాయన నన్ను చూడ్డానికొచ్చాడు. పత్రికలో అక్షరాలు కూర్చిన కంపోజిటరు. తాతయ్య పుస్తకం చూపించి కథంతా చెప్పాడు. ఆయన బొమ్మని దగ్గరగా పెట్టుకుని చూసి, ఇందులో తప్పేముంది, మా కొండల వైపు పిగిలిపిట్టకి బుగ్గ ఎర్రగానే ఉంటుంది అన్నాడు. తాతయ్య కుర్చీలోంచి లేచాడు. ఒకటికి మూడుసార్లు అడిగాడు. కొండల్లో అలాంటిది ఇంకో రకం ఉందని, కుచ్చు టోపీలా నిటారుగా ఉంటుందని, తాను చిన్నప్పుడు రోజూ చూసేవాడినని ఆయన ఒట్టు పెట్టినంత పని చేశాడు. బొమ్మలత్తయ్య వాళ్ళమ్మ ఏ తోటల్లో పెరిగిందో అప్పటిదాకా ఎవరం అడగలేదు. మర్నాడు ఆవిడ వచ్చాక తాతయ్య అడిగాడు. కొండ మీదే.

కట్టు విప్పిన మూడో వారంలో తాతయ్య, నేను, బొమ్మలత్తయ్య బస్సెక్కాం. నాన్నే స్వయంగా చూసి, బ్రేకులు బాగున్న బస్సు ఎక్కించాడు. నాలుగు గంటలు మలుపులు తిరిగింది. నేను కుంటుతూనే ఉన్నాను. కొండ మీద ఒక పాత తోట ఉంది, దాని మధ్య నీళ్ళ తొట్టి. తొట్టి ఎదురుగా బల్ల మీద కూర్చున్నాం. చలికి తాతయ్య ముక్కు ఎర్రబడింది. గంట తర్వాత పొదలోంచి ఒక పిట్ట వచ్చి తొట్టి అంచున వాలింది. నల్లటి కుచ్చు మొనతేలి నిక్కి ఉంది. బుగ్గ తెల్లగా ఉంది. ఆ తెలుపు మీద, కంటి వెనకే, వేలితో అద్దినంత ఎరుపు. నీళ్ళు తాగడానికి వంగితే తోక కింద కూడా ఎరుపే.

బొమ్మలత్తయ్య సంచీ తెరవలేదు. పిట్ట తాగి, ఒళ్ళు దులుపుకుని, ఎగిరిపోయేదాకా చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

“అమ్మకి నా మాట వినపడింది” అంది. అంతే అంది.

తాతయ్య తోట చివరిదాకా నడిచి వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. వచ్చేటప్పుడు మూడు గ్లాసులు టీ పట్టించుకొచ్చాడు.

పుస్తకం మళ్ళీ అచ్చు వేసే సమయానికి ఆవిడ రెండు బొమ్మలు తీసుకెళ్ళింది. ఒకటి కొండ పిట్ట, ఇంకోటి మా కిటికీ పిట్ట, పిల్లలకి మేత పెడుతూ వంగినది. పబ్లిషరు ఆఫీసులో పెద్దాయన మా పిట్టని చూసి మొహం చిట్లించాడట. పిల్లల పుస్తకంలో పిట్ట పిర్రలు చూపిస్తామా అన్నాడట. ఆవిడ ఏమీ వాదించకుండా నా డైరీ ఆయన ముందు పెట్టిందట. ఆయన చదివి, ఆ తొమ్మిదేళ్ళ పిల్ల మళ్ళీ ఉత్తరం రాస్తే తన వల్ల కాదని ఒప్పుకున్నాడట.

కొత్త పుస్తకం వచ్చిన రోజు బొమ్మలత్తయ్య మొదటి ప్రతి మా ఇంటికే తెచ్చింది. ఎదురెదురు పేజీల్లో రెండు పిట్టలూ ఎంత బాగున్నాయో. నేను బొమ్మలు చూస్తున్నాను, తాతయ్య కింది వాక్యాలు చదువుతున్నాడు. ఉన్నట్టుండి ఆయన గొంతులోంచి నీళ్ళు అడ్డుపడ్డ చప్పుడు వచ్చింది. కొండ పిట్ట కింద మా పిట్ట గురించి రాశారు. మా పిట్ట కింద కొండ పిట్ట గురించి రాశారు.

అమ్మ పరిగెత్తుకొచ్చి ఆయన్ని కూర్చోబెట్టింది. బొమ్మలత్తయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. తాతయ్య మాత్రం నవ్వలేదు. ఆ రాత్రి భోజనానికి లేవకుండా పుస్తకమంతా ఎర్ర పెన్సిలుతో దిద్ది, మర్నాడు చొక్కా ఇస్త్రీ చేయించుకుని, తానే పబ్లిషరు ఆఫీసుకి బయలుదేరాడు. పోట్లాడి వస్తాడనుకున్నాం. మధ్యాహ్నం చంకలో పెద్ద కాగితాల కట్టతో వచ్చాడు. పెద్దాయన అరవై మూడు తప్పులూ లెక్కపెట్టి, ఇంత కోపంగా చదివేవాళ్ళు మా దగ్గర లేరు, ఇకపై మా పుస్తకాలన్నీ మీరే చూడండి అన్నాడట.

ప్రూఫు ఒక్కరు దిద్దే పని కాదు. ఒకరు మూలప్రతి పైకి చదవాలి, ఇంకొకరు అచ్చు చూసుకోవాలి. పత్రికాఫీసులో ఆయనకి చదివిపెట్టే మనిషి ఉండేవాడు. ఇంట్లో ఆ పని నాకు పడింది. బడి నుంచి రాగానే కిటికీ దగ్గర బల్ల వేసుకుని కూర్చునేవాళ్ళం. కామా దగ్గర కామా అని, కొత్త పేరా దగ్గర కొత్త పేరా అని పైకి అనాలి. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత అలవాటైంది. బొమ్మలత్తయ్య ఆఫీసు అయ్యాక వచ్చి, కింద చాప మీద తన కాగితాలు పరుచుకునేది. తిమింగలాలు, రైలింజన్లు, అగ్నిపర్వతాలు, గ్రహాలు, ఏ పుస్తకం వస్తే అది. నా గొంతు వినబడుతుంటే చెయ్యి సాఫీగా నడుస్తుందనేది.

ఆరేళ్ళు అలా గడిచాయి. అమ్మ లైటు వేసి, చీకట్లో కళ్ళు పోగొట్టుకుంటారా అని కసిరేది. నాన్న వాకిట్లో గ్రీజు చేతులు కడుక్కుంటూ ఈ పూట ఎంతవరకు వచ్చారని అడిగేవాడు. నేను చదువుతూ ఎక్కడైనా ఒక్క మాట మింగేస్తే, తాతయ్య పెన్సిలు ఆగిపోయేది.

“వెనక్కి రా, అచ్చుతప్పూ” అనేవాడు. నేను ఆ వాక్యం మొదటికి వెళ్ళి మళ్ళీ చదివేదాన్ని.